మరుపు మీట

సుంకమ్మ చావుకు బాధ్యులు ముగ్గురు. ఒకటి యంత్రం. రెండు, దాన్ని తయారుచేసిన డాక్టర్ హిమజ. మూడు, దాన్ని మోసిన నేను. విచారణకు వచ్చినవాళ్లు ప్రమాదమని రాసుకుని పోయారు. అది వాళ్ల మాట. నా మాట ఇది.

సుంకమ్మ నా భార్య. ఇరవై ఆరేళ్లు ఒకే పొయ్యి దగ్గర తిన్నాం. పిల్లలు లేరు. నా పేరు బంగారప్ప. జరిగిందానికి ఈ పేరుతో పని ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

మాది గువ్వలమిట్ట, కర్నూలు జిల్లాకు పడమటి కొస. ఎర్రనేల. తొలకరి పడితే జనం వజ్రాల కోసం నడుములు వంచి చేలల్లో తిరిగే ప్రాంతం. ఊరికి ఉత్తరాన ఉన్న మిట్టలో ఎప్పుడో ఎవరో బంగారం కోసం బావుల్లాంటి గుంతలు తవ్వి వదిలేశారు. వాటి నోళ్లు మట్టితో పూడిపోయాయి. పైన కంపచెట్లు మొలిచాయి. అవి ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పగలిగినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు.

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు అనరు. పిల్లలుంటే పిల్లవాడి పేరు పెట్టి "ఫలానావాని నాయనా" అంటారు. మాకు ఆ వీలు లేదు. సుంకమ్మకు మిగిలింది ఒకటే పిలుపు: "యో." దగ్గరుంటే చిన్నగా, చేలో ఉంటే సాగదీసి. ఎప్పుడూ ఒకే గొంతు, ఒకే ఎత్తు.

నా పేరులో బంగారం ఉంది కాబట్టి ఆమె బంగారాన్ని కూడా ఆ మాటతో అనేది కాదు. "పచ్చది" అనేది. కమ్మలు కొనడానికి పోయినప్పుడు అంగడివాడిని "పచ్చదాంట్లో చూపించు" అని అడిగింది. వాడు పచ్చరాళ్ల కమ్మలు తెచ్చి ముందు పెట్టాడు. రేడియోలో బంగాళాఖాతంలో వాయుగుండం అని చెబితే, పక్కింటామెకు "తూరుపు సముద్రంలో గాలి లేచిందంట" అని చెప్పింది. నేను నవ్వేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు.

బంగారం వెతికే కంపెనీ ఒకటి వచ్చి మిట్ట కింద రేకుల షెడ్డు వేసింది. హిమజ దాంట్లో ఉండేది. ముప్పై ఐదేళ్ల మనిషి, గుంటూరు వైపు. లోపల తెరలు, తీగలు, చల్లగాలి. బయట మట్టి నింపిన తొట్లు వరసగా. యంత్రం చూడ్డానికి మామూలుదే. పొడుగాటి కర్ర, కింద పళ్లెమంత తీగచుట్ట, చెవులకు తగిలించుకునే డిప్పలు. పళ్లాన్ని నేలకు నాలుగు వేళ్ల ఎత్తున అటూ ఇటూ ఊపుతూ నడవాలి. కింద లోహం ఉంటే చెవిలో కూత.

పని కోసం పన్నెండుమందిమి పోయాం. హిమజ ఒక తొట్టిలో కందిగింజంత బంగారు పూస పాతింది. మద్దిలేటికి కర్ర ఇచ్చింది. మద్దిలేటి మా వీధివాడే, నాకంటే పదేళ్లు చిన్న, నోరు ఊరుకోదు.

వాడు ఊపాడు. కూత వచ్చింది. ముఖం వెలిగిపోయింది. నిజమా కాదా అని మళ్లీ ఊపాడు. మళ్లీ ఊపాడు. మావాళ్లందరికీ అదే అలవాటు. సంతలో గేదెను కొనేటప్పుడు కూడా ఒకే పన్నును పదిసార్లు చూస్తారు. తొమ్మిదోసారికి మద్దిలేటి ముఖం పడిపోయింది.

"ఏమ్మా, పూస మళ్లా తీసుకుంటివా?"

"తియ్యలేదు. అక్కడే ఉంది," అంది హిమజ. "ఈ నేలంతా ఇనుమే. దాన్నంతా వినిపిస్తే మీకు చెవులు పగిలిపోతాయి. అందుకని యంత్రం నేల చప్పుడును తనంతట తనే నేర్చుకుని, తీసేస్తూ ఉంటుంది. మీరేమో పూసను అదేపనిగా చూపించారు. అది కూడా నేలే అనుకుంది. మరిచిపోయింది."

"అంటే నేను సూపిచ్చి సూపిచ్చి పోగొట్టుకుంటినా?"

"అంతే."

"నా పెండ్లాము కూడా అదే అంటాది లేమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు కర్ర ఇచ్చినప్పుడు కూత ఒక్కసారి వినగానే పళ్లెం పైకెత్తాను. రెండడుగులు పక్కకు జరిగాను. పిడి మీదున్న మీటను అవతలికి నొక్కి, అడ్డంగా వచ్చాను. కూత పోలేదు. హిమజ నా పేరు రాసుకుంది.

ఆ మీటకు రెండు వైపులున్నాయి. ఒక వైపుంటే యంత్రం ఆగకుండా నేలను నేర్చుకుంటూ, మరుస్తూ పోతుంది. ఇంకో వైపుంటే అప్పటిదాకా నేర్చుకున్నదాన్ని అట్లాగే పట్టుకుని నిలబడుతుంది, కొత్తగా దేన్నీ మరవదు. కంపెనీవాళ్లు వాటికి ఇంగ్లీషు పేర్లు పెట్టారు. మేం మరుపు, పట్టు అన్నాం. అనుమానం వస్తే పట్టు. నడక సాగాలంటే మరుపు. ఏడో తరగతి దాకా మా ఊరి బడిలో చదివిన నాకు అంతకంటే ఎక్కువ వివరం అక్కరలేకపోయింది.

ఇంతవరకూ అందరికీ తెలిసిన యంత్రమే. హిమజ కనిపెట్టింది దీని తర్వాతిది.

"యంత్రం చెత్తతో పాటు సన్న కూతల్ని కూడా ఊడ్చేస్తుంది, బంగారప్ప గారూ," అంది ఒక రోజు షెడ్డులో. "చెవి అట్లా చెయ్యదు. చెవికంటే మంచి యంత్రం లేదు. అందుకని మరుపును కర్రలోంచి తీసి చెవికే పెట్టాను."

చూపించింది. చింతగింజంత రేకు. చెవి వెనక చర్మం కోసి ఎముకకు అతికిస్తారు. అక్కడినుంచి వెంట్రుక లాంటి తీగ లోపలి నరానికి పోతుంది. పళ్లెం నేల చప్పుడంతా ఏమీ దాచకుండా పంపుతుంది. మార్పు లేకుండా మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని రేకు నరం దగ్గరే తుడిచేస్తుంది. ప్రయోగం అరవై రోజులు. తర్వాత తీసేస్తారు.

"ఎవురికన్నా పెట్టినారా ముందు?"

"నేను పెట్టుకున్నాను. పది రోజులు."

"ఏమయింది?"

"మా ఫ్రిజ్ చప్పుడు వినపడ్డం మానేసింది," అని నవ్వింది. "అంతే."

ఆమె ఒంటరి మనిషి. ఇంట్లో ఆమెను రోజూ పిలిచేవాళ్లు లేరు. ఆ పది రోజుల్లో ఆమెకు తెలియాల్సింది తెలియకపోవడానికి అదే కారణం. నేను దాన్ని కారణంగానే రాస్తున్నాను, సాకుగా కాదు.

రేకు పెట్టిన మూడో రోజు మిట్ట ఎక్కాను. కర్ర ఆన్ చేయగానే పిండిమరలో తల పెట్టినట్లయింది. కాగు బోర్లించి దాని మీద వంద మంది కొడుతున్నట్లు. పళ్లు కరుచుకుని నడిచాను. కొంతసేపటికి ఆ మోత తగ్గింది. ఇంకొంతసేపటికి లేదు. అట్లాంటి నిశ్శబ్దం నేను పుట్టి ఎరగను. ఆ నిశ్శబ్దంలో, మోచేతి లోతున, సన్నగా ఒక్క కూత. సుంకమ్మ తవ్వి తీస్తే బియ్యపు నూకంత పలుకు.

ఆమె పని అదే. మిట్టను తాళ్లతో సాళ్లుగా విడగొట్టారు. ఒక్కో సాలు రెండు వందల గజాలు. నేను ముందు ఊపుకుంటూ పోతాను. కూత వచ్చిన చోట కాలితో గీత గీస్తాను. నలభై అడుగుల వెనక సుంకమ్మ గీత ఉన్న చోటల్లా ఎర్రగుడ్డ కట్టిన మేకు కొడుతుంది, పైమట్టి తవ్వి జల్లెడ పడుతుంది. నేను వెనక్కి తిరగకూడదు. కళ్లు పళ్లెం మీదే. సాలు చివర తిరిగినప్పుడే ఆమెను చూసేది.

"పచ్చది భలే కనిపెడ్తివి," అంది ఆ రోజు ఆ పలుకును అరచేతిలో పెట్టుకుని. "మా అమ్మ ఉండింటే చెప్తుంటి, నీ అల్లునికి నేలలో మాటలు ఇనపడ్తాయని."

నాకు గర్వంగానే ఉండింది. దాచను.

ఇంట్లో మొదట ఫ్యాను పోయింది. తిరుగుతున్నది కనపడేది, చప్పుడు లేదు. తర్వాత ఎదురింటి పిండిమర. తర్వాత తెల్లవారి పుంజు. పోయినవేవీ కావలసినవి కావు కనక పట్టించుకోలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం తింటున్నాను. సుంకమ్మ వచ్చి కంచం లాగేసింది.

"చెవుడా, కోపమా? ఏదో ఒకటి చెప్పు."

"ఏందిమే?"

"ఏందా? మూడు రోజులనుంచి పిలుస్తాండ. పలకవు. నిన్న కల్లంలోనుంచి పిలిస్తి. ఈపొద్దు పొయ్యికాడనుంచి పిలిస్తి. నా మీద ఏం పెట్టుకున్నావో కక్కు."

"నువ్వు పిలవల్యా."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత పెదాలు కదిలాయి. గుండ్రంగా. చప్పుడు లేదు.

"ఇప్పుడన్నదేంది?" అన్నాను.

సుంకమ్మ కంచం కింద పెట్టేసింది.

మరునాడు హిమజ ఇంటికి వచ్చింది. చాప మీద కూర్చుని సంగటి తింది. రేకు దగ్గర ఒక చిన్న డబ్బా ఉంచి చూసుకుంది.

"ఈమె పిలుపు ఎప్పుడూ ఒకేలా ఉంది," అంది. "నేలలా. రేకు దాన్ని నేలలో కలిపేసింది."

"నేను నేలనంట," అంది సుంకమ్మ. "ఇరవై ఆరేండ్లకు తెలిసొచ్చె."

హిమజ నా చేతికి గుండీ అంత మీట ఇచ్చింది. ఇంటికి రాగానే దాన్ని నొక్కితే రేకు పట్టులోకి పోతుంది, కొత్తగా ఏదీ మరవదు. కాకపోతే రాత్రంతా పట్టులో ఉంచి తెల్లారి మరుపులోకి తిప్పితే, రేకు నేలను మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. దానికి సగం పూట పోతుంది.

"పోతే పోనీ," అంది హిమజ. "ఇల్లు ముఖ్యం. ఇంకొకటి. రోజూ పిలిచే మాట కాకుండా వేరే మాటతో పిలవండి. అన్నిటికంటే మంచిది ఆయన పేరు. మీరు ఎప్పుడూ అనలేదు కదా? మీ గొంతులో ఆ మాట ఎట్లా ఉంటుందో రేకుకు తెలియదు. అది తప్పకుండా వినపడుతుంది."

సుంకమ్మ నాలుక కరుచుకుంది. "అయ్యయ్యో. అదెట్లమ్మా."

"ఒక్కసారి అనండి. పరీక్షకు."

"ఊహూ."

"ప్రాణం మీదికొస్తే?"

సుంకమ్మ కొంచెం ఆలోచించింది. "అనకుంటేనే కదమ్మా అది అరగకుండా ఉండేది? నువ్వే చెప్తివి. దాన్ని అట్లనే మూటగట్టి పెడ్తా. పనిబడినప్పుడు ఇప్పుతాలే."

హిమజ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటలో తప్పేమీ లేదు. లెక్క ప్రకారం ఆమె చెప్పిందే సరి.

అప్పటినుంచి సుంకమ్మ నన్ను రోజుకొక పేరుతో పిలిచింది. "ఓ బండరాయీ." "ఓ తాటిమొద్దూ." "ఓ మునసబు మనవడా." మా తాత జీవితంలో మునసబు ఇంటి గుమ్మం తొక్కినవాడు కాదు. ఒక్కో పేరు రెండు రోజులు వినపడేది. మూడో రోజుకు అంచులు అరిగేవి. నాలుగో రోజుకు పెదాలే. అప్పుడామె ఇంకొకటి వెతుక్కునేది. జొన్నలు చెరుగుతూ తనలో తాను గొణుక్కుంటుంటే, రేపటి పేరు కోసమని నాకు అర్థమయ్యేది. చెంబు మీద గరిటెతో కొట్టి చూసింది, అది రెండు పూటలే నిలిచింది.

గుండీ మీటను నేను వాడింది మూడు రాత్రులు. మూడు రోజులూ ఉదయం సగం పూట మోత. ఆ మూడు రోజుల్లో అవతలి వాలులో మద్దిలేటి నాకంటే ముందు పోయాడు. వాడికి రేకు లేదు, మామూలు కర్రే. నాలుగో రాత్రి మీట తీసి గూట్లో పెట్టాను.

ఎందుకని అడిగితే ఇదీ జవాబు. కూతలు ఒక వరసలో వస్తున్నాయి. చెదురుమదురుగా కాదు, ఈశాన్యం నుంచి నైరుతికి గీసినట్లు. కింద ఎక్కడో వీటన్నిటికీ మూలం ఉందని, దాన్ని వినగలిగినవాణ్ణి నేనొక్కణ్ణేనని తెలుసు. అది తెలిసినవాడికి సగం పూట చాలా ఎక్కువ.

సుంకమ్మ గూట్లో మీటను చూసింది.

"ఇంట్లోనన్నా పట్టులో పెట్టుకోరాదా," అంది. "నీతో మాట్లాడాలంటే రోజుకొక మాట యాడనుంచి తేవాల? నా కాడ ఐపోతాండాయి."

"ఇంకా పద్దెనిమిది రోజులే."

"పద్దెనిమిది మాటలు కావాల అయితే."

"తెచ్చుకో."

ఆమెతో నేను అన్న మాటల్లో మంచివి చాలా ఉండాలి. గుర్తున్నది మాత్రం ఇదే.

మద్దిలేటి గురించి ఒక సంగతి చెప్పాలి. వాడు మిట్టకు అవతలి వాలులో నడిచేవాడు. పొద్దుపోక నన్ను ఆటపట్టించేవాడు. "బంగారం! బంగారం దొరికె!" అని అరిచేవాడు. మొదటిసారి కర్ర వదిలేసి పరుగెత్తాను. వాడు రాతిగుండు మీద కూర్చుని బీడీ ముట్టిస్తున్నాడు. తర్వాత అదే అరుపు నాకు వినపడ్డం మానేసింది, రేకు తుడిచేసింది. ఆ సంగతి తెలిసి వాడు గొంతులు మార్చడం మొదలుపెట్టాడు. ముసలాయనలా దగ్గుతూ ఒకసారి. ముక్కుతో ఒకసారి. ఆడగొంతు పెట్టి రెండుసార్లు. సాయంత్రం షెడ్డు దగ్గర కలిసినప్పుడు అడిగేవాడు.

"ఈపొద్దుది ఇనపడెనా అన్నా?"

"పడెరా."

"తిరిగి చూడల్యా మరి?"

"నీకోసం తిరిగేదానికి నేనేమన్నా నీ పెండ్లామునా?"

సుంకమ్మ జల్లెడ దులుపుతూ, "ఆ పచ్చదాని పేరు ఆడగొంతుతో అనొద్దు మద్దిలేటీ, ఒళ్లు మండుతాది నాకు," అంది. వాడు చెంపలు వేసుకున్నాడు. రెండు రోజులు మానాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

యాభై ఒకటో రోజు. పదకొండో సాలు. పొద్దున పది దాటింది. గాలి పడమటినుంచి, నా ముఖంలోకి కొడుతోంది.

సాలు మధ్యలో నేల మారింది. అది నాకు తర్వాత తెలిసింది. అక్కడ పాత గుంత ఉంది, పూడిన మట్టి వదులుగా ఉంది, పైన జానెడు గట్టి పొర. గట్టినేలనుంచి పూడిక మీదికి పళ్లెం పోయినప్పుడు చప్పుడు మారాలి. మారింది. కానీ అంచు పలచగా, మెల్లగా మారింది. మెల్లగా మారేదాన్ని మరుపు మింగేస్తుంది. అది దాని పని. నేను ఆ పొర మీదినుంచే నడిచాను. పొర నన్ను మోసింది. అక్కడ ఒక కూత కూడా వచ్చింది. కాలితో గీత గీసి ముందుకు పోయాను.

సుంకమ్మ ఆ గీత దగ్గరకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని మేకు కొట్టింది. పొర పగిలింది.

ఆమె ఒక్కసారిగా పడిపోలేదు. నడుము దాకా దిగి ఆగింది. కదిలిన కొద్దీ పక్కల మట్టి జారింది. ఇదంతా తర్వాత గుంతను కొలిచినవాళ్లు చెప్పింది. పూర్తిగా పూడిపోవడానికి పదకొండు నిమిషాలు పట్టిందన్నారు.

ఆ పదకొండు నిమిషాలూ నేను మంచి నిశ్శబ్దంలో నడిచాను.

సాలు చివర తిరిగాను. తాళ్ల మధ్య ఎవరూ లేరు. ఎర్రగుడ్డలు వరసగా వచ్చి ఒకచోట ఆగిపోయాయి. జల్లెడ పక్కకు పడి ఉంది. పరుగెత్తాను. చేతులతో తోడాను. మద్దిలేటి నా కేకలు విని వాలు ఎక్కి వచ్చాడు, పార తెచ్చాడు. షెడ్డులోవాళ్లు వచ్చారు. ముందు చెయ్యి దొరికింది. పిడికిట్లో మట్టి ఉంది. ఇంకేమీ రాయను.

రేకు తీసేశారు. తీసినా పోయినవి తిరిగి రాలేదు. నరం నేర్చుకున్నది అట్లాగే ఉండిపోయిందని డాక్టర్లు చెప్పారు. ఫ్యాను ఇప్పటికీ చప్పుడు లేకుండా తిరుగుతుంది. మద్దిలేటి ఫోనులో ఒక వీడియో ఉంది, కిందటేడు ఊరి జాతరలో తీసింది. సుంకమ్మ గాజులబండి దగ్గర నిలబడి నావైపు తిరిగి ఏదో అంటుంది. బండివాడి అరుపులు వినపడతాయి. డప్పులు వినపడతాయి. ఆమె పెదాలు గుండ్రమవుతాయి. అక్కడ ఏమీ లేదు.

"ఇనపడెనా అన్నా?" అన్నాడు మద్దిలేటి.

"లేదు."

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజునుంచి ఎవరి గొంతూ పెట్టలేదు.

పదిహేను రోజుల తర్వాత హిమజ కబురు చేసింది. షెడ్డులో సామాను పెట్టెల్లోకి సర్దేశారు. ఒక్క తెర మిగిలింది. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది. నిద్రలేదని తెలుస్తోంది. నాకు జాలి కలగలేదు.

"రేకు గొంతును రికార్డు చెయ్యదు, బంగారప్ప గారూ. గీత మాత్రం గీస్తుంది. తుడిచేసిన చప్పుడు తెల్లగా, వదిలిన చప్పుడు ఎర్రగా. ఇది ఆ పదకొండు నిమిషాలది."

తెల్ల గీతలు. ఒకే ఎత్తు, ఒకే పొడవు. అవి ఏమిటో ఆమె చెప్పక్కరలేదు.

"ముప్పై ఏడు," అంది. "ముప్పై ఏడూ నేను చేసిన రేకే తుడిచేసింది."

సుంకమ్మ అంత పొదుపరి. కొత్త మాటలు అన్నీ అయిపోయాక పాతదాన్నే పట్టుకుంది. లేక కష్టం వచ్చినప్పుడు నోటికి అదే వచ్చింది. తెలియదు.

"కానీ ఇది చూడండి." చివరి దగ్గర వేలు పెట్టింది. ఒకటే ఎర్ర గీత. మిగిలినవాటికంటే పొడవు, ఎగుడుదిగుడుగా ఉంది. "ఇది రేకు ముట్టుకోలేదు. ఇది మీకు వినపడి ఉండాలి. గాలి మోత కావచ్చు. పిట్ట కావచ్చు. లేకపోతే... మీరేమన్నా విన్నారా?"

"లేదు."

"బాగా గుర్తు తెచ్చుకోండి. ఇది తేలకపోతే, రేకు దీన్ని కూడా మింగి గీత తప్పుగా గీసిందనే రాయాలి."

"రాసుకో."

రాసింది. తప్పంతా తనదని కంపెనీకి ఇచ్చింది. ఆమె పని ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కడో బడిలో పిల్లలకు లెక్కలు చెబుతోందని విన్నాను. రెండుసార్లు ఉత్తరం రాసింది. చదవకుండా పొయ్యిలో పెట్టాను. ముప్పై ఏడు గీతలు ఆమెవి. వాటికి క్షమాపణ లేదు. ముప్పై ఎనిమిదోది ఆమెది కాదు. అది కూడా ఆమే మోస్తోంది. మోయనీ. దించే ఉద్దేశం నాకు లేదు.

ముప్పై ఎనిమిదోది నేను విన్నాను.

సాలులో మూడొంతులు నడిచాక, ఆ నిశ్శబ్దంలో, వెనకనుంచి, స్పష్టంగా, ఆడగొంతు. "బంగార" అన్నంతవరకు వచ్చింది. మిగిలింది ఎదురుగాలి లాక్కుపోయింది. ఆ గొంతు నాకు తెలియదు. ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఆ నోటినుంచి ఒక్కసారీ విననివాడికి ఎట్లా తెలుస్తుంది? మూటగట్టి పెట్టిన మాట అది. పనిబడినప్పుడు విప్పింది. రేకు తన మాట నిలబెట్టుకుంది, తుడవలేదు. హిమజ చెప్పినట్లే జరిగింది. సుంకమ్మ చెప్పినట్లే జరిగింది.

మద్దిలేటిగాడు మళ్లీ ఆడగొంతు పెట్టాడనుకున్నాను. ఈసారి బాగా చేశాడని కూడా అనుకున్నాను. నవ్వుకున్నాను. పళ్లెం ఎత్తలేదు. తిరిగి చూడలేదు.

ఆమె గొంతులో నాకు మిగిలింది ఆ ఒక్క మాట. రోజూ వినపడుతుంది. అరగడం లేదు.

ఈ సంగతి మద్దిలేటికి తెలియదు. తెలిస్తే వాడు బతకడు, అందుకని చెప్పలేదు. హిమజకు తెలిస్తే ఆమె బరువు కొంత దిగుతుంది, అందుకని చెప్పలేదు. ఊళ్లో నా పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేశాను. చెవుడు అనుకుంటున్నారు. అనుకోనీ.

ఒక్కసారి రాశాను. ఎవరు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా, దీని గురించి నా నోట ఇంకొక మాట రాదు.